గాలిని తాకకుండా 80 కి.మీ. ఎత్తులో పీడనం ఎలా కొలుస్తారు?

ప్రశ్న:
వాతావరణ బెలూన్లు 30, 35 కిలోమీటర్ల దాకా వెళ్లి పగిలిపోతాయి. సౌండింగ్ రాకెట్ (కొలత పరికరాలతో పైకి వెళ్లి తిరిగి పడిపోయే చిన్న రాకెట్) ఇంకా పైకి పోతుంది కానీ ఒక్క చోటే, అదీ కొద్ది నిమిషాలే. మరి భూమి మొత్తానికీ 80 కి.మీ. దగ్గర సంగతి ఉపగ్రహానికి ఎలా తెలుస్తుంది? ఉష్ణోగ్రత వరకు ఊహించుకోగలను, పీడనమే అంతుపట్టడం లేదు.

జవాబు 1:
నాకు ఎంతో ఇష్టమైన విషయం, కాస్త పొడుగ్గానే చెప్తాను. ఉపగ్రహం ఇక్కడ పక్కకి, భూమి అంచు మీదుగా చూస్తుంది. నాసా 2001 డిసెంబరులో పంపిన టైమ్డ్ ఉపగ్రహం మీద సేబర్ అనే పరికరం ఉంది. సుమారు 625 కి.మీ. ఎత్తు నుంచి ఆ అంచును పైకీ కిందికీ స్కాన్ చేస్తూ, కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలువరించే పరారుణ కాంతిని కొలుస్తుంది.

ఆ వాయువే ఎందుకంటే, గాలిలో దాని వాటా దాదాపు 80 కి.మీ. దాకా పెద్దగా మారదు. ఆ వాటా తెలుసు కాబట్టి, వచ్చే కాంతి ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది: అక్కడి ఉష్ణోగ్రత, అక్కడున్న అణువుల సంఖ్య. ఒక్క కొలతతో రెండూ తేలవు. అందుకే 15 మైక్రాన్ల దగ్గరే ఒక ఇరుకు ఛానెల్ (కొద్ది తరంగదైర్ఘ్యాలనే చూసేది), ఒక వెడల్పు ఛానెల్ (ఎక్కువ తరంగదైర్ఘ్యాలను చూసేది) పెట్టారు. ఉష్ణోగ్రత, పీడనం మారితే ఈ రెండూ ఒకే తీరుగా స్పందించవు. ఆ తేడాలోంచే మీ పీడనం బయటికొస్తుంది. పీడనమంటే పైనున్న గాలి బరువే కాబట్టి, ఒక ఎత్తులో అది దొరికితే ఉష్ణోగ్రతల సాయంతో మిగతా ఎత్తుల్లో లెక్కగట్టవచ్చు.

జవాబు 2:
జీపీఎస్ పద్ధతి కూడా ఉందండి. మరో ఉపగ్రహం నుంచి చూస్తే, జీపీఎస్ ఉపగ్రహం భూమి అంచు చాటుకు దిగిపోయేటప్పుడు దాని రేడియో తరంగం గాలిలో వంగుతుంది. ఎంత వంగిందో తెలిస్తే సాంద్రత, దాన్నుంచి పీడనం, ఉష్ణోగ్రత వస్తాయి. 2006లో కాస్మిక్ పేరుతో ఇందుకోసం ఆరు ఉపగ్రహాలు పంపారు. అయితే 40 కి.మీ. పైన ఆ వంపు మరీ చిన్నది, అయనోస్ఫియర్ (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) ప్రభావం దాన్ని మింగేస్తుంది.

అడిగినవారు:
థాంక్సండీ. మరి పైకి వెళ్లేకొద్దీ సేబర్ లెక్క కూడా కష్టమవుతుందా?

జవాబు 1:
అవుతుంది. దాదాపు 70 కి.మీ. దాటాక అణువులు ఢీకొనడం (కాంతిని ఉష్ణోగ్రతతో ముడిపెట్టేది అదే) బాగా తగ్గిపోయి, కాంతి అక్కడి ఉష్ణోగ్రతను నేరుగా చెప్పదు. సూర్యకాంతి, కింది నుంచి వచ్చే పరారుణం, ఆక్సిజన్ పరమాణువుల తాకిడి, అన్నీ లెక్కలోకి తేవాలి. వేసవిలో ధ్రువాల పైన 85 కి.మీ. దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 130 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది, అక్కడ మరీ కష్టం. ఆ డేటాతో గ్రాఫ్ గీసేటప్పుడు ఎర్రర్ బార్లు (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే గీతలు) తప్పకుండా పెట్టండి.