చలికాలంలో తవుడు నూనె పంపు ఎందుకు ట్రిప్ అవుతోంది?

తణుకు ఫిట్టర్:
తణుకు దగ్గర తవుడు నూనె మిల్లులో పంపులన్నీ నేనే చూస్తాను. ముడి నూనెను ట్యాంకు నుంచి రిఫైనరీకి పంపే సెంట్రిఫ్యూగల్ పంపుకు 5 హెచ్‌పీ మోటారు, 2900 ఆర్‌పీఎం. నీళ్లతో పరీక్షిస్తే గంటకు 20 ఘనపు మీటర్లు, 30 మీటర్ల హెడ్ (ద్రవాన్ని ఎత్తగలిగే ఎత్తు) ఇచ్చింది. వేసవిలో ఏ ఇబ్బందీ లేదు. ధనుర్మాసం రాగానే తెల్లవారుజామున స్విచ్ వేస్తే అమ్మీటరు ముల్లు ఎర్ర గీత దాటుతోంది, కాసేపటికే ట్రిప్. నూనె నీటికన్నా తేలిక కదా, లోడు తగ్గాలి గానీ పెరుగుతుందేమిటి? 7.5 హెచ్‌పీ మోటారు వేద్దామంటున్నారు యజమాని. వేయమంటారా?

కాకినాడ ఫోర్‌మన్:
తమ్ముడూ, మోటారు జోలికి ఇప్పుడే వెళ్లకు. తేలిక వేరు, చిక్కదనం వేరు. పంపు లోపల తిరిగే చక్రం, అదే ఇంపెల్లర్, దాని రెండు ముఖాలూ ద్రవాన్ని రాసుకుంటూ తిరుగుతాయి. ద్రవం చిక్కబడేకొద్దీ ఆ రాపిడికే కరెంటు ఖర్చవుతుంది, అదంతా వేడిగా మారి నూనెలోనే కలుస్తుంది. పని జరగదు, బిల్లు మాత్రం వస్తుంది.

నీ పంపుకు లెక్క కట్టాను. చిక్కదనాన్నే స్నిగ్ధత అంటారు, దాని కొలత సెంటీస్టోక్. 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోక్. నీళ్లతో పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే షాఫ్టు మీద 2.7 కిలోవాట్లు పడుతుంది. నూనె 100 సెంటీస్టోక్స్‌కు చేరితే హెడ్ 26 మీటర్లకు, ప్రవాహం 17కు జారతాయి. సామర్థ్యం మాత్రం 35 శాతానికి కూలిపోతుంది. అసలు దెబ్బ ఇదే. నూనె ఎంత తేలికైనా లోడు 3.2 కిలోవాట్లు. తవుడు నూనెలో మైనం ఉంటుంది, చలికి అది గడ్డకట్టి నూనె ఇంకా చిక్కబడుతుంది. స్నిగ్ధత 300 దాకా పోతే 3.8 కిలోవాట్లు అవుతుంది. నీ 5 హెచ్‌పీ అంటే 3.7. ట్రిప్ కాక ఏమవుతుంది?

పెద్ద మోటారు వేస్తే ట్రిప్ ఆగుతుంది, కానీ ఆ వృథా అలాగే ఉంటుంది. ఊక బాయిలర్ ఆవిరి మీ చేతిలోనే ఉంది కదా, నూనెను 50 డిగ్రీలకు తెచ్చాకే పంపు వేయండి. ట్యాంకు నుంచి పంపులోకి నూనె వచ్చే సక్షన్ పైపు పొట్టిగా, ఒక సైజు పెద్దదిగా ఉండాలి. చిక్కటి నూనె పంపు దాకా రావడమే కష్టం.

అమలాపురం మెకానిక్:
ఫోర్‌మన్ గారి మాట నిజం. ముడి నూనెకు వేడి చాలు. అడుగున చేరే గమ్, మైనం మడ్డి లాగాలంటే మాత్రం పళ్ల చక్రాలతో నెట్టే గేర్ పంపే పెట్టండి. దానికి ఒత్తిడి మించితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి, అది లేకుండా డెలివరీ వాల్వ్ మూసి నడిపితే పైపో పంపో పగులుతుంది.

తణుకు ఫిట్టర్:
ధన్యవాదాలు అన్నయ్యా. ట్యాంకులో ఆవిరి కాయిల్ ఉంది, రోజూ వేస్తున్నాం. అయినా ఇదే పరిస్థితి.

కాకినాడ ఫోర్‌మన్:
కాయిల్ ఎక్కడుంది, అవుట్‌లెట్ ఎక్కడుంది? రెండూ ఎదురెదురు గోడల దగ్గరుంటే ట్యాంకు థర్మామీటరు 50 చూపిస్తుంది, పంపుకు మాత్రం చల్లటి నూనె వస్తుంది. సక్షన్ ఫ్లాంజ్ (ఆ పైపు పంపుకు కలిసే చోటు) దగ్గర ఉష్ణోగ్రత చూసి రాయి. తక్కువగా ఉంటే అవుట్‌లెట్ పక్కన చిన్న కాయిల్ వేసి, సక్షన్ పైపుకు వేడి పోకుండా గ్లాస్ ఊల్ చుట్టండి.