వియత్నాంలో తొమ్మిది రోజులు: ఏ ఊరిని వదులుకోవాలి?

ప్రశ్న:
దసరా సెలవులు దాటాక, అక్టోబరు చివరి వారంలో, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని తొమ్మిది రోజులు వియత్నాం వెళ్లాలనుకుంటున్నాము. నాన్నగారు హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు కనుక, సముద్రతీరాల కంటే పాత రాజధానులు, కోటలు, గుళ్లు చూడాలన్నదే ఆయన కోరిక. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇద్దరూ శాకాహారులు. హనోయ్, హా లాంగ్, హ్వే, డా నాంగ్, హోయ్ ఆన్, హో చి మిన్ సిటీ అన్నీ కలిపి ట్రావెల్స్ వారు ఇచ్చిన ప్లానులో దాదాపు ప్రతి రాత్రీ కొత్త హోటలే. వీటిలో దేనిని వదులుకోవచ్చో వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
ఊళ్ల కంటే ముందు తేదీలు మార్చుకోండి. మధ్య వియత్నాంలో అక్టోబరు, నవంబరు కుండపోత వానల కాలం. థు బోన్ నది పొంగి హోయ్ ఆన్ పాత వీధుల్లో పడవలు తిరగడం అక్కడివారికి కొత్త కాదు. నేను చూసిన ఒక వర్తకుని పాత ఇంట్లో, ఏ ఏడు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద గుర్తులు పెట్టుకున్నారు. ఫిబ్రవరి చివర గానీ మార్చిలో గానీ వెళ్లడం మేలు. అయితే వారి సంవత్సరాది అయిన టెట్ రోజుల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి, చూసుకోండి.

ఇక వదలవలసింది హా లాంగ్ అఖాతం. అందమైనదే, కానీ మీ నాన్నగారు అడిగింది అది కాదు. హనోయ్‌లో రెండు రాత్రులు ఉండి, 1070లో వెలసిన సాహిత్య మందిరం చూడండి. అక్కడ రాతి తాబేళ్ల వీపుల మీద నిలబెట్టిన 82 శిలాఫలకాలపై రాజ్య పరీక్షల్లో నెగ్గిన పండితుల పేర్లు చెక్కి ఉంటాయి. మాస్టారిని అక్కడినుంచి కదిలించడం కష్టమే. హ్వేకు మాత్రం మూడు రాత్రులు ఇవ్వండి. 1802 నుంచి 1945 వరకు న్గుయెన్ రాజుల రాజధాని అది. చివరి చక్రవర్తి బావో దాయ్ సింహాసనం వదులుకున్నది ఆ కోట ప్రధాన ద్వారం దగ్గరే. రాజ సమాధుల్లో ఖాయ్ దిన్ సమాధికి 127 మెట్లు ఎక్కాలి కాబట్టి, అమ్మగారితో తు డుక్ సమాధికి వెళ్లండి. చెరువు, చెట్లు, మండపాలతో అదొక తోటలా ఉంటుంది. కొడుకు రాయవలసిన సమాధి శాసనాన్ని, సంతానం లేని ఆ రాజు తానే రాసుకున్నాడు.

రెండవ జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తాను, అయితే హోయ్ ఆన్‌లో రెండు రాత్రులు ఉండి ఒక ఉదయం ‘మీ సన్’ అనే చోటి పాత గుళ్లకు కేటాయించండి. నాలుగవ శతాబ్దంలో, మధ్య వియత్నాంలోని పాత హిందూ రాజ్యమైన చంపాను ఏలిన భద్రవర్మ అనే రాజు, భద్రేశ్వరుడనే పేరుతో శివుడికి గుడి కట్టించిన లోయ అది. అక్కడి సంస్కృత శాసనాల లిపి దక్షిణ బ్రాహ్మి సంతతికి చెందినది, అంటే మన తెలుగు లిపికి దాయాది. 1969లో అమెరికా బాంబులకు ప్రధాన ఆలయం కూలిపోయింది. గుంతల్లో ఇప్పుడు గడ్డి మొలిచింది. కొన్ని ఆలయాలను మన పురావస్తు శాఖ వారే బాగుచేశారు. గేటు నుంచి గుళ్ల దగ్గరి వరకు బ్యాటరీ బండ్లు ఉన్నాయి, ఆ తరువాత కొంత నడక తప్పదు.

హ్వే నుంచి డా నాంగ్‌కు కారు వద్దు, పగటి రైలు ఎక్కండి. హాయ్ వాన్ కొండల అంచున సముద్రం ఎడమవైపు కనిపిస్తుంది. సీట్లు అటువైపే అడగండి.

మూడవ జవాబు:
భోజనం గురించి ఒక్క మాట. అక్కడ ‘చాయ్’ అంటే టీ కాదు, శాకాహారం. ఆ మాట బోర్డు మీద ఉన్న హోటలుకే వెళ్లండి. మామూలు హోటళ్లలో కూరగాయల వంటలోనూ చేపల సాస్ పడుతుంది. బౌద్ధం బలంగా ఉన్న హ్వేలో ఇటువంటి హోటళ్లకు కొదవ లేదు. పచ్చడి సీసా మాత్రం మరవకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ప్రయాణం మార్చికి జరిపాము. హనోయ్‌లో దిగి, చివరి రాత్రి హో చి మిన్ సిటీలో ఉండి, అక్కడినుంచే తిరుగు విమానం ఎక్కుతాము. భద్రవర్మ పేరు చెప్పినప్పటి నుంచి నాన్నగారు పాత నోట్సులు ముందేసుకుని కూర్చున్నారు.