అప్‌డేట్: రెండేళ్ల పాపతో అడిలైడ్ నుంచి ఉలూరు వెళ్లొచ్చాం

జూలైలో పాపతో కారులో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి ఎడారి మధ్యలో ఉన్న పెద్ద ఎర్రరాతి కొండ ఉలూరు దాకా 1,600 కిలోమీటర్లు వెళ్లడం పిచ్చిపనా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. వెళ్లాం, క్షేమంగా వచ్చాం.

మూడు రోజుల్లో చేరాలనుకున్నాం, నాలుగు పట్టాయి. "రెండు గంటలకోసారి ఆపండి" అన్న సలహా నిజానికి గంటన్నరకి కుదించాల్సి వచ్చింది. పోర్ట్ ఆగస్టా దాటాక ఒకసారి కార్ సీటు నిండా వాంతి చేసుకుంది. బెల్టులు విప్పి కడగడానికి గంట పట్టింది. ఆ వాసన ఇంకా పోలేదు!

దారిలోని గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ అనే గనుల ఊరి దాకా సుమారు 250 కిలోమీటర్లు పెట్రోల్ బంకే లేదు. గ్లెండాంబోలోనే ట్యాంకు నింపుకోమన్నవాళ్లకి దండాలు. కంగారూల భయంతో సూర్యాస్తమయానికి ముందే బండి ఆపేసేవాళ్లం.

కూబర్ పీడీలో భూమిలోపల తొలిచిన గదిలో పడుకున్నాం. కిటికీ లేదు, చిమ్మచీకటి. పాప ఉదయం తొమ్మిదిదాకా లేవలేదు, ఇంట్లో ఎప్పుడూ జరగని అద్భుతం.

బొమ్మలన్నీ వృథా. ఖాళీ వాటర్ బాటిల్, వేయించిన అటుకులు చాలు. జూలై అంటే అక్కడ చలికాలం; రాత్రి చలికి మాత్రం స్వెటర్లు సరిపోలేదు, అమ్మమ్మ ఇచ్చిన బొంతే కాపాడింది.

ఉలూరు ఎలా ఉందంటారా? మేం చూశాం. పాప ఎర్రమట్టిలో ఆడుకుంది.