జర్మన్ క్లాసిక్ చిత్రాలు: కొత్త రిస్టరేషన్ వచ్చాక పాత ప్రతిని ఉంచుకోవాలా?

కృష్ణలంక

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలోని పాత ఇల్లు ఖాళీ చేసి చిన్న ఫ్లాట్‌లోకి మారుతున్నాము. జర్మన్ చిత్రాల కోసం ఇరవై ఏళ్లుగా నింపుకుంటూ వచ్చిన బీరువా కొత్త ఇంట్లో పట్టదు. అందులో సగం పెట్టుకోవడానికే చోటుంది. కొత్త రిస్టరేషన్ (పాత ఫిల్మును బాగుచేసి విడుదల చేసిన ప్రతి) కొన్న ప్రతిసారీ పాతదాన్ని తీసేయకుండా పక్కన పెట్టడం నా అలవాటు కాబట్టి ఒక్కో సినిమా రెండు మూడు రూపాల్లో పోగుపడింది. మంచి ప్రతి చేతికి వచ్చాక పాతది ఎందుకని ఇంట్లోవారు అడుగుతున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ముఖ్యంగా మూడింటి గురించి తేల్చుకోలేకపోతున్నాను. మొదటిది ముర్నావ్ తీసిన 'నోస్ఫెరాతు' (1922): పూర్తి నలుపు తెలుపులో ఉన్న చవక డీవీడీ ఒకటి, రంగుల అద్దకంతో వచ్చిన పునరుద్ధరణ ఒకటి ఉన్నాయి. రెండవది విమ్ వెండర్స్ 'వింగ్స్ ఆఫ్ డిజైర్' (1987): పాత డీవీడీ, 2018లో వచ్చిన 4కె రిస్టరేషన్ బ్లూరే. మూడవది ఫాస్‌బిండర్ 'బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్': 2007 రిస్టరేషన్ డిస్కులతో పాటు, జర్మనీలో ఉద్యోగం చేసిన మా మేనమామ గారు అక్కడి టీవీ నుంచి రికార్డు చేసి తెచ్చిన వీహెచ్‌ఎస్ టేపులు. జ్ఞాపకం కోసమైతే ఒక్క టేపు చాలు. నేను అడుగుతున్నది జ్ఞాపకం సంగతి కాదు. సినిమాను తెలుసుకోవడానికి పాత ప్రతి ఏమైనా పనికివస్తుందా?

బెర్లిన్ తెలుగు

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మూడూ తీసేయండి.

'నోస్ఫెరాతు'తో మొదలుపెడదాం, ఎందుకంటే ఇందులో అనుమానానికి తావు లేదు. ఆ రోజుల్లో ఫిల్ముకు రాత్రిపూట చీకటిలో చిత్రీకరించేంత శక్తి లేదు కనుక రాత్రి సన్నివేశాలను పగలే తీసి, ప్రింటులో ఆ భాగానికి నీలిరంగు అద్దేవారు. ప్రేక్షకుడు నీలిరంగు చూడగానే రాత్రి అని అర్థం చేసుకునేవాడు. అద్దకం లేని ప్రతిలో ఏం జరుగుతుందో గమనించండి. కథలోని రక్తపిశాచి తన శవపేటికను చంకన పెట్టుకుని, గోడల మీద నీడలు స్పష్టంగా పడుతున్న పట్టపగలు వీధుల్లో నడుస్తాడు. అదే పిశాచి చివర్లో సూర్యకాంతి తగిలి నశిస్తాడు. అంటే నలుపు తెలుపు ప్రతి అసలు కథనే అబద్ధం చేస్తోంది. ఈ చిత్రం ప్రతులను ధ్వంసం చేయాలని 1925లో జర్మన్ న్యాయస్థానం ఆదేశించింది. 'డ్రాక్యులా' నవలను అనుమతి లేకుండా వాడుకున్నారని ఆ రచయిత బ్రామ్ స్టోకర్ భార్య హక్కుల కోసం వేసిన దావా ఫలితం అది. ఆ తర్వాత మిగిలిన ప్రతుల నుంచి దశాబ్దాల పాటు శ్రమించి రంగులు తిరిగి కూర్చారు. అలాంటి పని చేతికి అందాక తప్పుడు ప్రతికి అర కేటాయించడం ఎందుకు?

'వింగ్స్ ఆఫ్ డిజైర్' విషయంలో దర్శకుడే సాక్షి. దేవదూతలు చూసే లోకం నలుపు తెలుపు, మనుషులు చూసే లోకం రంగులు. ఈ రెండు రకాల ఫిల్మునూ ఒకే ప్రింటులో కలపడానికి అప్పట్లో అంతటినీ రంగుల ఫిల్ము మీదికి ఒక ప్రతి నుంచి మరో ప్రతిగా మార్చుకుంటూ పోవలసి వచ్చింది. అందువల్ల మనందరం చూసినది అసలు నెగటివ్‌కు అనేక తరాల దూరంలో ఉన్న బొమ్మ. అందులో నలుపు తెలుపు భాగానికి కొద్దిగా రంగు ఛాయ కూడా అంటుకుంది. 2018లో అసలు నెగటివ్‌లను స్కాన్ చేశాక, కెమెరామన్ ఆన్రి అలెకాన్ తీసిన నలుపు తెలుపు నిజంగా నలుపు తెలుపుగా కనబడింది. దర్శకుడు జీవించి ఉండి, ఇదే నేను తీసిన సినిమా అంటున్నప్పుడు మన డీవీడీ పట్టుకుని కాదనడం నాకు ఉచితంగా తోచదు.

హనుమకొండ వాసి

బెర్లిన్ తెలుగు గారు 'నోస్ఫెరాతు' గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. అయితే ఆ ఒక్క ఉదాహరణ బలంతో మిగతా రెండింటినీ నెట్టుకు రావడం సరికాదు. మూడవదాని గురించి వారు ఒక్క మాటా చెప్పలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

'బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్' 13 భాగాలు, ఒక ఉపసంహారం కలిసి సుమారు 15 గంటలు నడుస్తుంది. 16 మి.మీ. ఫిల్ము మీద తీసి, 1980లో పశ్చిమ జర్మనీ టీవీలో ప్రసారం చేశారు. బొమ్మ మరీ చీకటిగా ఉందని, ఏమీ కనబడటం లేదని అప్పుడే పెద్ద గొడవ జరిగింది. పత్రికలు విరుచుకుపడ్డాయి. ఫాస్‌బిండర్ ఆ చీకటిని వెనక్కి తీసుకోలేదు. 1982 జూన్‌లో, 37 ఏళ్ల వయసులో మరణించాడు. పాతికేళ్ల తర్వాత 2007లో రిస్టరేషన్ బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైనప్పుడు, బొమ్మను వెలుతురు చేశారని, అది దర్శకుడు కోరుకున్నది కాదని ఆయనతో పనిచేసినవారిలో కొందరు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. రిస్టరేషన్‌ను పర్యవేక్షించినది ఆ చిత్రానికి కెమెరామన్ అయిన క్సావర్ ష్వార్జెన్‌బెర్గరే కాబట్టి పరాయివారు చెడగొట్టారని నేను అనలేను. కానీ కెమెరామన్ వేరు, దర్శకుడు వేరు. 1980లో ఇద్దరూ కలిసి ఒక నిర్ణయం తీసుకున్నారు, 2007లో ఒక్కరే తీసుకున్నారు.

ఇక్కడ నేను ఒక తేడా పాటిస్తాను. చిరిగినదాన్ని అతకడం ఒక పని, బొమ్మ ఎలా కనబడాలో నిర్ణయించడం మరొక పని. ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపోలిస్' చూడండి. 1927 జనవరిలో బెర్లిన్‌లో తొలి ప్రదర్శన జరిగిన కొద్ది నెలలకే దాన్ని భారీగా కోసేశారు. పోయిందనుకున్న భాగం 2008లో బ్యూనస్ ఎయిర్స్ సినిమా మ్యూజియంలో, 16 మి.మీ.కి కుదించిన నెగటివ్ రూపంలో బయటపడింది. అది గీతలతో నిండిపోయి ఉంది. కుదించినప్పుడు ఫ్రేము అంచు కూడా తెగిపోయింది. 2010లో దాన్ని చేర్చినవారు ఆ గీతలను పూర్తిగా తుడిచి కొత్తగా చూపించే ప్రయత్నం చేయలేదు. తెగిన అంచు దగ్గర నలుపు వదిలేశారు. చూస్తున్నంతసేపూ ఎక్కడ అతుకు పడిందో మనకు తెలుస్తూనే ఉంటుంది. అలాంటి రిస్టరేషన్ చేతికొస్తే దానికి ముందున్న డిస్కును నేనూ సంతోషంగా ఇచ్చేస్తాను. వెలుతురు మార్చినప్పుడు అతుకు కనబడదు. కొత్త డిస్కు ఒక్కటే ఉన్నవాడికి మార్పు జరిగిందనే సంగతే తెలియదు. కృష్ణలంక గారూ, ఆ టేపులు మాత్రం దయచేసి పారవేయకండి.

బెర్లిన్ తెలుగు

వీహెచ్‌ఎస్ టేపు చీకటికి సాక్ష్యం ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు. వీహెచ్‌ఎస్‌లో నీడల్లోని వివరాలు ఎలాగూ మునిగిపోతాయి. మీరు ఫాస్‌బిండర్ ఉద్దేశం అనుకుంటున్నది టేపు బలహీనత కావచ్చు. పాత డీవీడీల సంగతీ అంతే. ఫిల్మును వీడియోగా మార్చే టెలిసినీ గదిలో ఆ రోజు కూర్చున్న వ్యక్తి కాంట్రాస్ట్ ఎంత తిప్పితే అంత. దానికి దర్శకుడి ఆమోదం ఉందని ఎవరు చెప్పారు?

వేగం సంగతి కూడా మరచిపోకూడదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది, ప్యాల్ అనే పాత టీవీ పద్ధతిలో 25. జర్మనీలోనూ మన దేశంలోనూ ఉండేది ప్యాల్ కాబట్టి థియేటరు కోసం తీసిన చిత్రం ఆ డీవీడీల మీద నాలుగు శాతం వేగంగా పరుగెడుతుంది. ఊరూరా తిరిగి థియేటర్లలో ప్రొజెక్టర్లు బాగుచేసే మనిషి కథ, వెండర్స్ 'కింగ్స్ ఆఫ్ ది రోడ్' (1976) సుమారు 175 నిమిషాల చిత్రం. ప్యాల్ డీవీడీలో అది 168 నిమిషాలకే ముగుస్తుంది. ఎక్కడా ఒక్క ఫ్రేము కోయలేదు, అయినా ఏడు నిమిషాలు మాయమయ్యాయి. సంగీతం శ్రుతి కూడా అర స్వరం కంటే కొంచెం తక్కువగా పైకి జరుగుతుంది. రోడ్డు మీద లారీ నింపాదిగా సాగడమే ప్రాణమైన సినిమాకు ఇది చిన్న దెబ్బ కాదు.

న్యూజెర్సీ నుంచి

వేగం గురించి చిన్న సవరణ. జర్మన్ టీవీ కోసం 16 మి.మీ. మీద తీసినవి సాధారణంగా 25 ఫ్రేముల వేగంతోనే తీసేవారు కాబట్టి అలాంటివాటికి ప్యాల్ ప్రతే సరైన వేగం. మరొక విషయం: అమెరికాలో అమ్మే ప్లేయర్లలో చాలావాటిలో 50 హెర్ట్జ్ (ప్యాల్ వేగపు) డిస్కులు ఆడవు. బ్లూరే ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో రీజియన్ అక్షరం చెబుతుంది: జర్మన్ బ్లూరేలకు బి, మన దేశానికి సి, ఇక్కడ ఎ. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు మాత్రం రీజియన్ లేదు. పాతవి ఎవరికైనా ఇచ్చేటప్పుడు తీసుకునేవారి దగ్గర ఏ ప్లేయర్ ఉందో అడిగి ఇవ్వండి.

ప్రొజెక్టర్ రూము

మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా పనిచేశారు. జర్మన్ సినిమా ఆయన ఒక్కటీ చూడలేదు గానీ, ఈ చర్చ ఆయన రోజూ చేసిన పని గురించే అనిపించి రాస్తున్నాను.

అప్పట్లో వెలుగు కార్బన్ల నుంచి వచ్చేది. రెండు కడ్డీల మధ్య ఎడం సరిగ్గా ఉంటేనే తెర తెల్లగా వెలిగేది. కడ్డీలు కాలుతూ పొట్టివవుతుంటాయి కాబట్టి ఆ ఎడాన్ని సరిచేస్తూ ఉండాలి. ఆపరేటరు ఒక నిమిషం ఏమరితే తెర పసుపు తిరిగేది, వోల్టేజి పడిపోతే మసకబారేది. ఒకే ప్రింటు మొదటి ఆటలో ఒకలా, రెండవ ఆటలో మరోలా కనబడటం నేను కళ్లారా చూశాను. అందుకే ఆనాటి ప్రేక్షకులు చూసినదే అసలు సినిమా అన్న మాటను నేను అంగీకరించలేను. ఏ ఊరి ప్రేక్షకులు? ఏ ఆట? 1980లో జర్మన్ ఇళ్లలోని టీవీలు మాత్రం అన్నీ ఒకే వెలుగు చూపించాయా?

అయితే నెగటివ్‌నే అసలుగా పట్టుకుంటే సరిపోతుందని బెర్లిన్ తెలుగు గారు అన్నట్టుగా నాకు అర్థమైంది. అదీ కుదరదు. నెగటివ్‌లో వెలుతురు నిర్ణయం పూర్తి కాదు. ఏ షాటు ఎంత వెలుగుతో ప్రింటవ్వాలో ల్యాబులో గ్రేడింగ్ చేసేటప్పుడు తేలుతుంది. కెమెరామన్, దర్శకుడు కూర్చుని చూసి సరే అన్న మొదటి ప్రింటులో ఆ నిర్ణయం ఉంటుంది. ప్రింటును పక్కన పెట్టి నెగటివ్‌ను మాత్రమే స్కాన్ చేస్తే, గదిలో వెనుక గోడ కూడా కనబడవచ్చు. ఆ గోడను చీకట్లో ముంచాలని ల్యాబులో కూర్చుని అనుకున్న మాట మాత్రం ఆ స్కానులో ఉండదు. కాబట్టి రిస్టరేషన్ డిస్కు కొనేటప్పుడు నేను మొదట వెతికేది ఎన్ని కె అన్నది కాదు. వెలుతురు, రంగు దేన్ని చూసి నిర్ణయించారో బుక్‌లెట్‌లో రాశారా లేదా అని చూస్తాను. అది రాయకపోతే పాత ప్రతి ఎంత నాసిదైనా పోల్చి చూడడానికి ఉంచుకుంటాను.

హనుమకొండ వాసి

నేను చెప్పలేకపోయినది ప్రొజెక్టర్ రూము గారు చెప్పారు. టేపు నీడలను మింగేస్తుందన్న బెర్లిన్ తెలుగు గారి మాట నిజమే. టేపును ఒంటరి సాక్షిగా నిలబెట్టలేము. కానీ ఒకే టేపులో చీకటి దృశ్యం, వెలుగు దృశ్యం రెండూ ఉంటాయి కదా. టేపు బలహీనత రెండింటికీ ఒకటే. వాటి మధ్య నిష్పత్తిని కొత్త డిస్కులోని నిష్పత్తితో పోల్చి చూడవచ్చు.

'వింగ్స్' విషయంలోనూ నేను ఇంకా సమాధానపడలేదు. 1987లో కాన్ చిత్రోత్సవంలో వెండర్స్‌కు ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చిపెట్టినది ఆ రంగు ఛాయ ఉన్న ప్రింటే. దర్శకుడు తాను తీసినదాన్ని సరిచేసుకోవచ్చు, ఆ హక్కు ఆయనదే. ముప్పై ఏళ్ల పాటు లోకం ప్రేమించిన బొమ్మ కూడా ఎక్కడో ఒకచోట మిగలాలన్నదే నా కోరిక.

ఒక్కోసారి అసలు అనేదే ఉండకపోవచ్చు. హెర్జోగ్ 'అగీర్రె'ను (1972) పెరూలో ఇంగ్లీషు మాటలతో తీసి, తర్వాత డబ్బింగ్ చేశారు. జర్మన్ ప్రతిలో వినబడే గొంతు కథానాయకుడు కిన్‌స్కీది కాదు. రెండు సౌండ్‌ట్రాకులూ ఉన్న డిస్కు దొరికితే వదలకండి.

కృష్ణలంక

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి హనుమకొండ వాసి గారు చెప్పిన పద్ధతిలో కూర్చుని చూశాను.

'బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్' కథానాయకుడు ఫ్రాంజ్ బీబర్‌కాఫ్ గదిలో కిటికీ బయటి నియాన్ దీపం వెలిగి ఆరుతూ ఉండే సన్నివేశాన్ని టేపులోనూ డిస్కులోనూ మార్చి మార్చి నాలుగుసార్లు వేశాను. టేపులో దీపం ఆరిన ప్రతిసారీ గది పూర్తిగా మాయమవుతుంది. మనిషి ముఖంలో ఒక అంచు మాత్రం మిగులుతుంది. మళ్లీ వెలిగేదాకా అతను ఏం చేస్తున్నాడో తెలియక గుండె బిగబట్టుకుని చూస్తాము. డిస్కులో దీపం ఆరినా గోడ, మంచం, గుడ్డలు కనబడుతూనే ఉన్నాయి. గది చాలా అందంగా ఉంది, కానీ ఆ బిగువు నాకు కలగలేదు. ఇందులో టేపు లోపం ఎంతో తెలుసుకుందామని అదే టేపులోని ఒక పగటి వీధి దృశ్యం కూడా పోల్చాను. అక్కడ తేడా ఉంది గానీ ఇంత లేదు. దీనితో ఏదో రుజువైందని నేను అనను. నా మట్టుకు నాకు టేపులు ఉంచుకోవడానికి ఇది చాలు.

నలుపు తెలుపు 'నోస్ఫెరాతు'ను ఇచ్చేస్తున్నాను, బెర్లిన్ తెలుగు గారి వాదనకు నా దగ్గర జవాబు లేదు. 'కింగ్స్ ఆఫ్ ది రోడ్' డీవీడీ కూడా వెళ్లిపోతుంది. ఏడు నిమిషాల లెక్క విన్న తర్వాత దాన్ని మళ్లీ వేసుకునే మనసు లేదు. 'వింగ్స్' పాత డీవీడీ పెట్టె తీసేసి డిస్కును మాత్రం కొత్త బ్లూరే కేసులోనే దోపాను. దానికి వేరే చోటు అక్కరలేదు.

ఇక టేపులకు బూజు పట్టకముందే డిజిటల్‌లోకి ఎక్కించాలి. నా వీసీఆర్ హెడ్డు అరిగిపోయింది, పదకొండవ భాగం నుంచి బొమ్మ కింది అంచున చారలు వస్తున్నాయి. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో వీసీఆర్ బాగుచేసే మెకానిక్ ఇంకా ఎవరైనా ఉంటే ఇక్కడే తెలియజేయగలరు. ఈ నెలాఖరుకి ఇల్లు మారుతున్నాము.