కెనడా వాళ్ళకి దేశాభిమానం తక్కువా?

ప్రశ్న (కెనడాలోని మిస్సిసాగా నుంచి):
ఏడేళ్ళు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉండి మొన్న ఆగస్టులో ఇక్కడికి మారాం. అక్కడ మా వీధిలో ఇంటింటికీ గుమ్మం పక్కన జెండా. మా అమ్మాయి రోజూ బడిలో గుండె మీద చెయ్యి వేసుకుని అమెరికా జెండాకి ఒకటి, టెక్సస్ జెండాకి ఒకటి ప్రతిజ్ఞ చెప్పేది. ఇక్కడ వీధి మొత్తానికి ఒక్క జెండా. పొద్దున్నే జాతీయగీతం 'ఓ కెనడా' వినిపిస్తారు, అంతే. "వీళ్ళకి వాళ్ళ దేశం ఇష్టం లేదా నాన్నా?" అంటోంది. ఏం చెప్పను?

జవాబు (ఓషావా, 2007 నుంచి):
ఇష్టమేనండీ, చాలా ఇష్టం. నేను వచ్చిన కొత్తలో, ఎముకలు కొరికే చలిలో 401 హైవే మీద వస్తుంటే పై వంతెన నిండా జనం. ఏదో ప్రమాదం అనుకున్నా. ఆఫ్ఘనిస్తాన్‌లో చనిపోయిన సైనికుణ్ణి ట్రెంటన్ స్థావరం నుంచి టొరంటో తీసుకెళ్తున్నారట. ఇంకోసారి నేనూ వెళ్ళి నిలబడ్డా. పక్కన ఒక పెద్దాయన, చేతికి గ్లవ్స్ కూడా లేవు, చిన్న జెండా పట్టుకున్నాడు. కార్ల వరస కింద నుంచి వెళ్ళేదాకా సెల్యూట్ దించలేదు. నినాదం లేదు, పాట లేదు. వెనక కారులోంచి ఎవరో మాకు చెయ్యి ఊపారు. అది తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. రమ్మని ఎవరూ పిలవలేదు, జనమే మొదలుపెట్టారు. ఆ దారికి 'హైవే ఆఫ్ హీరోస్' అన్న పేరు తర్వాత, 2007లో వచ్చింది.

నవంబరు 11 ఇక్కడ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని తల్చుకునే రోజు. ఆ లోపు అమ్మాయికి వాళ్ళ గుర్తుగా పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వు కొనివ్వండి. షాపు గుమ్మం దగ్గర డబ్బాలో తోచింది వేసి తీసుకోవడమే. ఎడమవైపు పెట్టాలి. గుండుసూది ఊరికే జారిపోతుంది, రెండు తీసుకోండి.

జవాబు (విండ్సర్):
2025లో చూడాల్సింది! కెనడా అమెరికాకి 51వ రాష్ట్రం కావాలని ట్రంప్ అన్నాక మా పక్కింటావిడ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి డబ్బా తిప్పి, కెనడా సరుకైతేనే బుట్టలో వేసింది. ఫిబ్రవరి 20న బోస్టన్‌లో ఐస్ హాకీ ఫైనల్లో కెనడా అమెరికా మీద 3-2తో గెలిచిన రాత్రి మా వీధిలో హారన్లు ఆగలేదు.

జవాబు (ఆస్టిన్, టెక్సస్):
అమెరికా వాళ్ళది ఆర్భాటం అనుకోకండి. మా ఎదురింటాయన రోజూ పొద్దు గూకేసరికి జెండా దించి లోపల పెడతాడు. వాళ్ళ హాల్లో, గాజుపెట్టెలో ఇంకో జెండా ఉంది, మూడు కోణాలుగా మడిచింది. వాళ్ళ తమ్ముడి శవపేటిక మీద కప్పింది. బడిలో ప్రతిజ్ఞ చెప్పమని ఏ పిల్లనీ బలవంతపెట్టకూడదని వాళ్ళ సుప్రీంకోర్టు 1943లోనే తీర్పిచ్చింది. అదీ ఆ దేశమే, అమ్మాయికి అది కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. నిన్న రెండు పువ్వులు తెచ్చాం. ఒకటి బడి బస్సులోనే పడిపోయింది. రెండోదానికి వాళ్ళమ్మ చీర పిన్నీసు పెట్టి పంపింది.