సుకన్య ఖాతాను రాష్ట్రం దాటించాలంటే ఇన్ని కాగితాలెందుకు?

కిమిడి నాన్న:
మాది ఒడిశాలో పర్లాకిమిడి, మా ఆవిడ పుట్టిల్లు ఆంధ్రాలో పాతపట్నం పక్కన. పెళ్లిళ్లకీ పేరంటాలకీ అటూ ఇటూ తిరిగేటప్పుడు మధ్యలో రాష్ట్రం మారుతోందన్న సంగతే తోచదు. పురిటికి వెళ్లినప్పుడు అక్కడే ఒక పోస్టాఫీసులో పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాం. ఇప్పుడు దాన్ని ఇక్కడి బ్యాంకుకి మార్చుకుందామని వెళ్తే, ఇల్లు మారినట్టు రుజువు తెమ్మన్నారు. మా ఆవిడ ఆధార్‌లో పుట్టింటి అడ్రసే ఉంది. దానికి తోడు పాప పేరు గొడవ. అక్కడ ఇంటిపేరు ముందు రాశారు, ఇక్కడ బళ్లో చివర రాశారు. "ఇద్దరూ ఒకరేనని మాకెలా తెలుస్తుంది?" అన్నాడు కౌంటర్ బాబు.

పథకం కేంద్రానిది, వడ్డీ దేశమంతా ఒకటే. మరి పిల్ల డబ్బును పిల్ల ఉన్న ఊరికి తెచ్చుకోవడానికి ఈ ఆంక్షలు ఉండాలా? మీరేమంటారు?

బరంపురం బేరగాడు:
మీరు చిన్న తలుపు గురించి అడుగుతున్నారు సార్, పెద్ద తలుపుకే తాళం వేసి ఉంది. ఊరు మార్చుకోవచ్చు గానీ పథకం మార్చుకోలేం. పదిహేనేళ్లు కట్టాలి, తెరిచిన రోజు నుంచి ఇరవై ఒక్క ఏళ్లకి గానీ మెచ్యూర్ కాదు. 2015లో తెరిచిన ఖాతాలు 2036లో మెచ్యూర్ అవుతాయి. మొదట్లో 9.1 శాతం అన్నారు, తర్వాత ఏడాది 9.2 చేశారు, ఆ తర్వాత దించుతూ, మళ్లీ పెంచుతూ 2024 జనవరి నుంచి 8.2 అన్నారు. వాళ్లు రేటు మార్చొచ్చు, మనం మాత్రం కదలకూడదు. 2024 సెప్టెంబరులో పిల్లల పేరున కట్టే పెన్షన్ పథకం ఎన్‌పీఎస్ వాత్సల్య వచ్చింది. అందులోకి మారుస్తానంటే సుకన్యలో ఉన్నది కదలదు. నా డబ్బు మీద నాకు హక్కు లేదా?

రాయగడ టీచరమ్మ:
"నా డబ్బు" అన్నారు చూశారా బాబూ, తేడా అక్కడే ఉంది. అది మీ డబ్బు కాదు, మీ అమ్మాయిది. మన వైపు ఆడపిల్ల పేరున దాచిన డబ్బు ఎందుకెందుకు కరిగిపోతుందో నాకు తెలుసు. ఇంటి మీద స్లాబుకి, తమ్ముడి బండికి, మామగారి ఆపరేషన్‌కి. ఎవరూ దుర్మార్గులు కారు, అవసరాలు అలాంటివి. తియ్యడానికి వీల్లేదని కాగితం మీద ఉంది కాబట్టే అది నిలుస్తోంది. అమ్మాయికి పద్దెనిమిది నిండాక గానీ, పదో తరగతి పాసయ్యాక గానీ చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు చాలు. పదో తరగతి తర్వాత బరంపురమో విశాఖో పంపాలంటే ఫీజు కట్టలేక చదువు మాన్పించిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

అయితే డబ్బు కదలకూడదనడం వేరు, ఖాతా కదలకూడదనడం వేరు. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను. రెండోదానికి కారణం నాకూ కనబడదు. శీను గారి బాధ రెండోదే.

కిమిడి నాన్న:
టీచరమ్మ గారూ, నా పేరు శీను కాదండీ 😄 కానీ బాధ మీరు చెప్పిందే.

రిటైర్డు పోస్టల్:
కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ని, కొంచెం చెప్పనివ్వండి. సుకన్య ఖాతాను దేశంలో ఎక్కడికైనా మార్చుకోవచ్చు, పోస్టాఫీసు నుంచి బ్యాంకుకీ, బ్యాంకు నుంచి పోస్టాఫీసుకీ. ఇల్లు మారినట్టు రుజువు చూపిస్తే ఉచితం. రుజువు లేకపోతే వంద రూపాయలు కట్టి మార్చుకోవచ్చని 2016 నిబంధనల్లోనే రాశారు. అంటే రుజువు అడిగేది ఫీజు మాఫీ కోసం, బదిలీ ఆపడానికి కాదు. ఆ ముక్క కౌంటర్లో చాలామంది చెప్పరు. చెబితే పని పెరుగుతుంది.

అసలు ఆలస్యం ఎక్కడంటే, పోస్టాఫీసు నుంచి పోస్టాఫీసుకి మార్చడం సులువు, ఒకే కంప్యూటర్ వ్యవస్థ కాబట్టి. బ్యాంకుకి మార్చాలంటే ఖాతా వివరాల నకలు, తెరిచినప్పటి దరఖాస్తు, సంతకం నమూనా, నిల్వ మొత్తానికి చెక్కు లేదా డ్రాఫ్టు, అన్నీ కవరులో పెట్టి పంపాలి. బ్యాంకు మళ్లీ కొత్త దరఖాస్తు, కొత్త కేవైసీ అడుగుతుంది. మీ పేరు గొడవ అక్కడ పుట్టిందే. ఆ చెక్కు మీ చేతికి రాదు, ఎదుటి బ్రాంచి పేరున పోతుంది. బదిలీ వంకతో తండ్రి డబ్బు వాడేసుకుంటాడన్న భయానికి తావు లేదు.

ఇంకో మాట, ఖాతా ఎక్కడున్నా వడ్డీ ఒకటే. బ్యాంకుకి మార్చినా పైసా ఎక్కువ రాదు.

మల్కన్‌గిరి కుర్రాడు:
అయితే బదిలీ ఎందుకు? ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ యాప్‌లో డీఓపీ ప్రొడక్ట్స్ (తపాలా శాఖ పథకాలు) అని ఉంటుంది, సుకన్యకి ఇంట్లోంచే కట్టేయొచ్చు. నేను మా చెల్లికి అలాగే కడుతున్నాను. ఏడాదికి 250 కట్టినా ఖాతా బతుకుతుంది, మానేస్తే ఏడాదికి 50 జరిమానా.

బరంపురం బేరగాడు:
కట్టడానికి సరే. చదువుకి డబ్బు తియ్యాలంటే ఆ ఊరు పోవాల్సి రావచ్చు కదా. మల్కన్‌గిరి నుంచి అయితే రోజంతా పోతుంది.

గుణుపురం కోడలు:
అందరూ ఊరి గురించే మాట్లాడుతున్నారు. నా సంగతి వేరు. పాప నా దగ్గర ఉంది, మేం పుట్టింటికి వచ్చేశాం. పాస్‌బుక్కు పాప వాళ్ల నాన్న దగ్గర ఉంది. ఖాతాలో సంరక్షకుడు ఆయనే. బదిలీ కాగితం మీద సంతకం ఆయన పెట్టాలట. ఆయన పెట్టడు. కనీసం కడుతున్నాడో లేదో చెప్పమంటే, చెప్పడానికి వీల్లేదన్నారు. కన్నతల్లిని నేను. పోనీ ఇక్కడ కొత్త ఖాతా తెరుద్దామంటే ఒక పిల్లకి ఒకటే ఖాతా అన్నారు.

రాయగడ టీచరమ్మ:
ఇది అసలు ప్రశ్న తల్లీ. మిగతావన్నీ అడ్రసు ప్రూఫుల గోల.

రిటైర్డు పోస్టల్:
అమ్మా, ఆఖరికి సంరక్షకత్వం గురించి కోర్టు ఆర్డరు తెచ్చుకోవడం ఒక దారి, అది తేలిక కాదని నాకు తెలుసు. కానీ ఒక పోలిక గమనించండి. తాతయ్యలు, అమ్మమ్మలు తెరిచిన ఖాతాల విషయంలో 2024లో కేంద్ర ఆర్థిక వ్యవహారాల విభాగం కదిలింది. చట్టప్రకారం సంరక్షకులు కాని తాతలు తెరిచి ఉంటే, బతికున్న తల్లిదండ్రుల పేరున సంరక్షకత్వం మార్చమంది. తాత నుంచి తల్లికి దారి వేశారు. తండ్రి నుంచి తల్లికి, పిల్ల ఎవరి దగ్గర ఉందో చూసి, అలాంటి దారి ఎందుకు వెయ్యకూడదు?

బరంపురం బేరగాడు:
2019కి ముందు పదేళ్లు నిండిన అమ్మాయే ఖాతా నడుపుకోవచ్చని ఉండేది. 2019 డిసెంబరులో కొత్త పథకం నోటిఫై చేసి పద్దెనిమిది చేశారు. పాత నిబంధనే ఉంటే ఈవిడ పాప పదో ఏట తనే సంతకం పెట్టుకునేది.

రాయగడ టీచరమ్మ:
పదేళ్ల గుంట ఎవరు చెబితే వాళ్లకి సంతకం పెడుతుంది బాబూ. ఐదో తరగతి పిల్లలను రోజూ చూస్తున్నాను. అమ్మ పెట్టమంటే పెడుతుంది, రేపు నాన్న చాక్లెట్టు తెచ్చి పెట్టమన్నా పెడుతుంది. పద్దెనిమిదే సరి. మార్చాల్సింది సంరక్షకుడి నిబంధనను. ఇద్దరు కన్నవాళ్లలో పిల్లను పెంచుతున్నవాళ్లు బళ్లో ఇచ్చిన సర్టిఫికెట్టు చూపిస్తే, కనీసం నిల్వ ఎంతుందో చూసుకునే హక్కు, ఖాతాను దగ్గరికి తెచ్చుకునే హక్కు ఇవ్వాలి. డబ్బు తీసే హక్కు ఇద్దరికీ వద్దు.

మల్కన్‌గిరి కుర్రాడు:
బళ్లో సర్టిఫికెట్టు ఎవరైనా తెచ్చేస్తారు మేడమ్. రేపు కోపంతో పిల్లను తీసుకుపోయిన తండ్రి కూడా అదే తెస్తాడు.

గుణుపురం కోడలు:
తెస్తే తేనివ్వండి. ఖాతా ఇక్కడికి వస్తే డబ్బు ఎటూ పోదని పోస్టల్ తాతగారు పైనే చెప్పారు కదా. మరి భయం దేనికి?

రిటైర్డు పోస్టల్:
దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా. మీ మాటే సబబుగా ఉంది. ఈలోగా ఒక పని చెయ్యండి. ఖాతా నంబరు తెలిసి ఉంటే మీరే ఏడాదికోసారి 250 కట్టండి, ఖాతా ఆగిపోదు. రసీదులు దాచుకోండి, కోర్టులో పనికొస్తాయి.

కిమిడి నాన్న:
నేను బ్యాంకు ఆలోచన మానేశాను. ఇక్కడి పోస్టాఫీసుకే మార్చమని రేపు కాగితం ఇస్తున్నా, వంద రూపాయలు పట్టుకుని. గుణుపురం అక్కా, ఖాతా నంబరు పాప పేరున వచ్చిన పాత డిపాజిట్ స్లిప్పుల మీద ఉండొచ్చు, ఇంట్లో వెతకండి.