ఊరికే పడుకున్న పిల్లల మెదడు స్కాన్: కొలుస్తున్నది ఎదుగుదలనా, కదలికనా?

గోదారిగట్టు:
పిల్లలకు ఏ పనీ చెప్పకుండా ఎమ్మారైలో పడుకోబెట్టి, మెదడులో ఏయే భాగాలు ఒకే లయలో నడుస్తున్నాయో చూసేదే రెస్టింగ్ స్టేట్ స్కాన్, అంటే విశ్రాంతి స్కాన్. అమెరికాలో పిల్లల మెదడు ఎదుగుదలపై జరుగుతున్న ఏబీసీడీ అధ్యయనం 9-10 ఏళ్ల పిల్లల్ని దాదాపు 11,880 మందిని చేర్చుకుని, రెండేళ్లకోసారి ఇలా స్కాన్ చేస్తోంది. దీంతో ఎదుగుదల తెలుస్తుందనే నా నమ్మకం. 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, 7 నుంచి 30 ఏళ్లవాళ్ల ఐదు నిమిషాల స్కాన్లతోనే మెదడు పరిణతిని అంచనా వేసింది కదా. మీరేమంటారు?

నీలిమబ్బు:
అప్పట్లో అందరూ చెప్పిన మాట ఒకటుంది. చిన్నప్పుడు పక్కపక్క భాగాల మధ్య సంబంధం ఎక్కువ, పెరిగేకొద్దీ దూరపు భాగాల మధ్య బలపడుతుంది అని. 2012లో పవర్ అనే పరిశోధకుడి బృందం ఏం తేల్చిందో చూడండి. తల కొద్దిగా కదిలినా దగ్గరి సంబంధాలు ఎక్కువగా, దూరపువి తక్కువగా కనిపిస్తాయట. ఎక్కువ కదిలేది చిన్నపిల్లలేగా!

గోదారిగట్టు:
అందుకే ఏళ్ల తరబడి అదే పిల్లవాణ్ని చూడాలంటున్నాను. వాణ్ని వాడితోనే పోలుస్తాం.

నీలిమబ్బు:
అసలు చిక్కు అక్కడే ఉందండీ. ఇంటి పరిస్థితులు, పుట్టుకతో వచ్చిన తేడాలు చాలావరకు పక్కకు పోతాయి, నిజమే. కానీ తొమ్మిదేళ్లప్పుడు యంత్రం లోపల మెలికలు తిరిగిన పిల్లవాడే పదమూడేళ్లకు కుదురుగా పడుకుంటాడు. వయసుతోపాటే కదలికా మారుతోంది. ఎన్నేళ్లు వెంట తిరిగినా ఆ రెండూ వాటంతట అవి విడిపోవు.

స్కాన్ గది:
ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నా. తల చుట్టూ మెత్తలు పెడతాం, ముందు ఉత్తుత్తి యంత్రంలో అలవాటు చేస్తాం. సినిమా వేస్తే కదలరు, కానీ అప్పుడది విశ్రాంతి స్కానే కాదు. ఆ తర్వాత 0.2 మిల్లీమీటర్లు దాటి కదిలిన ఫ్రేములు, అంటే స్కాన్‌లో వరసగా తీసే ఒక్కో చిత్రం, తీసేయడం మామూలే. సరిపడా ఫ్రేములు మిగలకపోతే ఆ పిల్లల్నే లెక్కలోంచి తీసేస్తారు. ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం) ఉన్నవాళ్లే అలా ఎక్కువగా పోతారు. ఎవరి గురించి తెలుసుకోవాలో వాళ్లే జారిపోవడం నాకు బాధగా ఉంటుంది.

గోదారిగట్టు:
ఒప్పుకుంటాను. కానీ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన మరో అధ్యయనంలో, పిల్లల స్కాన్లలో కదలిక ప్రభావం తీసేశాక వయసు తేడాలు తగ్గాయే తప్ప మాయం కాలేదు. పద్ధతిని కొట్టిపారేయలేం.

మదనపల్లె అమ్మాయి:
మన దగ్గరా ఉంది. బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ముందుండి నడిపిన, పిల్లలు, యువత మీద చేసిన సీ-వేద అధ్యయనంలోని ఏడు కేంద్రాల్లో మా రిషి వ్యాలీ ఒకటి. 6 నుంచి 23 ఏళ్లవాళ్లను తీసుకున్నారు, కొందరికి ఎమ్మారై కూడా చేశారు. ఇంతకీ మా బాబుకి ఇలా స్కాన్ తీయిస్తే ఎదుగుదల ఎలా ఉందో చెప్పగలరా?

నీలిమబ్బు:
లేదమ్మా, దయచేసి దానికి డబ్బు పెట్టకండి. మెదడు కొలతలకూ ప్రవర్తనకూ మధ్య నమ్మదగిన సంబంధం పట్టాలంటే వేలమంది కావాలని 2022లో నేచర్‌లో వచ్చింది. ఒక్క పిల్లవాడి గురించి చెప్పే స్థాయికి ఇది ఇంకా రాలేదు. గోదారిగట్టు గారూ, నేను పద్ధతిని వద్దనట్లేదు. ప్రతి వయసులో ఎంత కదిలారు, ఎందరిని తీసేశారు అన్నవి ఫలితం పక్కనే ప్రచురించమంటున్నాను, అంతే.